బాపు ఎడమ చేతికి రీలు

పోయిన వారం ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే సుధాకర్ తన ఫోన్ నా బల్ల మీద పెట్టి, "మేడం, ఈ రెండిట్ల ఏది తీసుకోమంటరు?" అని అడిగాడు. చూస్తే గాలం కర్రకు బిగించే రెండు చేపల రీళ్లు. ఒకటి సముద్రంలో వేటకు వాడేది. దారం చుట్టే గొట్టంతో సహా అంతా లోహమే, ఉప్పునీళ్లు లోపలికి పోకుండా గట్టిగా మూసి ఉంటుంది, బొమ్మలో చూసినా బరువు తెలుస్తుంది. ఇంకొకటి నల్లటి ప్లాస్టిక్‌ది, చవకది, అరచేతిలో ఇమిడేది. సుధాకర్ ఆదివారాలు పానగల్లు చెరువు కట్ట మీద గాలం వేస్తాడు. రీళ్ల సంగతి మేడంకు తెలుసని అతనికి ఎవరో చెప్పారట. పొద్దస్తమానం ఫైళ్ల మధ్య కూర్చునే ఈమెకు గాలాల సంగతి ఎట్లా తెలుసని మిగతా వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వి, "చెరువుకే అయితే చవకది చాలు, వాడినంక కడిగి తుడిచి పెట్టుకో" అన్నాను. అది సరైన జవాబే. మా ఇంట్లో మాత్రం ఇదే ప్రశ్నకు ఇంకో జవాబు వచ్చింది. నాకింకా ముప్పై నిండలేదు. జ్ఞాపకాలు రాసుకునే వయసా ఇది అని ఎవరైనా వెక్కిరిస్తే వెక్కిరించనీ. అవ్వ గొంతు చెవిలో ఉన్నప్పుడే ఈ సంగతి రాసిపెట్టుకోవాలని కూర్చున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్త అది. నేను రోజూ బస్సులో నల్లగొండ పోయి ఇంటర్ చదువుతున్నాను. మా ఊరు మర్రిగూడ వైపు. ఊరి చుట్టూ వానను నమ్ముకున్న పత్తి చేన్లు, కంది చేన్లు. ఊళ్లో మా వాడంతా నేతగాళ్లది. తెల్లవారిందని మా ఇంట్లో కోడి చెప్పేది కాదు, అవ్వ రాట్నం చెప్పేది. అది గుర్రుమని మొదలైన కాసేపటికి బాపు మగ్గం గుంటలోకి దిగి నేత అందుకునేవాడు. అమ్మ వాకిలి ఊడ్చి, పొయ్యి మీద గంజి పెట్టి, గోడ పక్కన ఆసు ముందు కూర్చునేది. నేతలోనే అచ్చులు పడే చీరకు నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ పోసే పని అది. అమ్మ కుడి చెయ్యి గాలిలో తిరుగుతూనే ఉండేది, గాజులు గలగలమంటూనే ఉండేవి, రాత్రికి భుజం సలిపేది. ఉడికిన గంజి, రంగు నీళ్లు, తడి నూలు కలిసిన వాసన ఒకటి ఉండేది మా ఇంట్లో. బస్సు దిగి సందు మలుపు తిరగగానే ఆ వాసన వచ్చేది, ఆకలి వేసేది. ఇప్పటికీ ఎక్కడైనా గంజి వాసన వస్తే నాకు ముందు అన్నం గుర్తుకురాదు, మగ్గమే గుర్తుకొస్తుంది.

అవ్వ అంటే బాపు తల్లి. ఫ్లోరైడు ఉన్న మా బోరు నీళ్లు తాగి తాగి ఆమె మోకాళ్లు వంగిపోయాయి. చూపు కూడా మసకబారింది. నోరు మాత్రం ఎక్కడా మసకబారలేదు. బొడ్లో నశ్యం డబ్బీ, ముందు రాట్నం, అదీ ఆమె ప్రపంచం. రోజంతా కండెలు చుట్టేది. కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న పుల్ల, దాని మీద నూలు చుడతారు. కుడి చేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య నూలును బిగువుగా పట్టి వదలాలి. ఆ పట్టులోనే ఉంది పనంతా. వదులుగా చుట్టిన కండె నాడెలో చిక్కుపడి నేత పాడుచేస్తుంది. సెలవు రోజున నేను సరదాపడి చుట్టిన కండెలను బాపు బొటనవేలితో నొక్కి చూసి, "గిది కండెనా బిడ్డా, పేలాల మూటనా?" అని నా ఒళ్లోకి విసిరేవాడు. అవ్వ కిసకిసా నవ్వేది. నాకు కోపం వచ్చేది. మళ్లీ చుట్టేదాన్ని. అదీ పేలాల మూటే అయ్యేది.

ఆ ఏడు మా ఊరి చెరువు పూడిక తీశారు. నేను పుట్టినప్పటి నుంచి అందులో నీళ్ల కంటే తుమ్మచెట్లే ఎక్కువ చూశాను. ఆ వానాకాలం నీళ్లు కట్టను తాకాయి. బాపు రోజూ సాయంత్రం మగ్గం దిగి కట్టదాకా పోయి నీళ్లు చూసి వచ్చేవాడు. చిన్నప్పుడు వెదురు గాలంతో ఆ చెరువులో చేపలు పట్టిన కథలు చెప్పేవాడు. చెప్పినకొద్దీ ఆ చేపలు పెద్దవయ్యేవి. చలి మొదలైనాక ఒక పొద్దున ఆయన మగ్గంలో కూర్చుని, ఎడమ చేత్తో, పోగును అదిమే పలకను ముందుకు లాగబోయాడు. చెయ్యి లేవలేదు. మగ్గం చప్పుడు మధ్యలో ఆగింది. నూలు తెగిందేమో అనుకుని అమ్మ ఆసు దగ్గర నుంచే, "ఏమాయె?" అన్నది.

పక్షవాతం. దవాఖానలో మంచి మనుషులే దొరికారు, ప్రాణానికి ఫికర్ లేదన్నారు. కాలు తొందరగానే వచ్చింది. కట్టె పట్టుకుని నడిచాడు, తరువాత కట్టె లేకుండా నడిచాడు. చెయ్యి రాలేదు. వ్యాయామాలు చూపించిన డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "చేతితో ఏదో ఒక పని చేయించండి. ఈ కొన్ని నెలలే ముఖ్యం. వేళ్లు ఇప్పుడు కదలకపోతే తరువాత కదలడం కష్టం" అని విడమరిచి చెప్పింది. పిసకడానికి ఒక రబ్బరు బంతి ఇచ్చింది. బాపు దాన్ని కిటికీలో పెట్టి మళ్లీ చూడలేదు. "చిన్నపోరగాండ్ల ఆట. నాతోని గాదు" అనేవాడు. ఎడమ చేతిని ఎవరికీ కనబడకుండా తువ్వాల కింద పెట్టుకుని, ఆగిపోయిన మగ్గానికి వీపు పెట్టి కూర్చునేవాడు. మేము ఆ చెయ్యి వైపు చూడకుండా ఉండడం నేర్చుకున్నాం. రోజులు గడిచిపోతున్నాయనే భయం మాత్రం ఇంట్లో అందరికీ ఉంది. నేను బస్సులో కూర్చుని కూడా దేవుణ్ణి ఆ వేళ్ల గురించే అడిగేదాన్ని.

రీలు ఆలోచన చిన్నాయనది. బాపు తమ్ముడు. లారీ నడిపేవాడు, నార్కట్‌పల్లిలో కిరాయి గదిలో ఉండేవాడు, కాకినాడ రేవుకు సరుకు వేసుకుపోయి వచ్చేవాడు. అక్కడ మనుషులు సముద్రం ఒడ్డున నిలబడి రీలు తిప్పుతూ చేపలు లాగడం చూశాడు. ఒకరోజు వచ్చి అమ్మతో, "వదినా, దవాఖానోళ్లు చేతికి పనియ్యమన్నరు గదా. అన్నకు బంతి వద్దంటే చేపలన్న పట్టిద్దాం. చెరువు నిండ నీళ్లున్నయి" అన్నాడు. అమ్మకు చేపల మీద నమ్మకం లేదు గానీ ఏదో ఒకటి చెయ్యాలన్న తొందర ఉంది. మేము ముగ్గురం కలిసి నల్లగొండలో వలలూ గాలాలూ అమ్మే దుకాణానికి పోయాం. బాపు రానన్నాడు.

దుకాణాయన రెండు రీళ్లు బల్ల మీద పెట్టాడు. చిన్నాయన సముద్రపు రీలు చేతిలోకి తీసుకుని ఇక వదల్లేదు. "గిది జూడు, ఇనుపముక్క లెక్కుంది. తరాలు నడుస్తది" అన్నాడు. దుకాణాయన తన సరుకు తానే తగ్గించి చెప్పే మనిషి. "అన్నా, గది ఉప్పునీళ్లకు. చెరువుకు చవకది సాలు, వాడినంక మంచినీళ్లతోని తుడిస్తె అయిపాయె" అన్నాడు. అప్పుడు అమ్మ మధ్యలోకి వచ్చింది. "మా నీళ్లు మంచియని ఎవలన్నరయ్యా? మా బోరు నీళ్లకు బిందెలే తెల్లగ పొక్కులు కడ్తయి. గీ పలుసటిది మా నీళ్లకు ఆగుతదా?" దుకాణాయన తల గోక్కున్నాడు. చెరువులో ఉండేది వాన నీళ్లని, తుడవడానికి కూడా అవే వాడుకోవచ్చని ఆమెకు ఓపిగ్గా చెప్పాడు. అమ్మ ఒప్పుకున్నట్టు తల ఊపింది, కానీ వెంటనే ఏదీ కొనలేదు. ఒక్కో చేతిలో ఒక్కో రీలు పెట్టుకుని కూరగాయలు తూచినట్టు తూచింది. బరువుది ఉన్న చెయ్యి కొద్దిగా కిందికి దిగింది. "గింత బరువు ఆయన చెయ్యి మోస్తదా?" అని మెల్లగా అన్నది. చిన్నాయన సముద్రపు రీలును ఆమె చేతిలోంచి తీసి బల్ల మీద పెట్టేశాడు. చవకది కొన్నాం, ఒక కర్ర, ఒక నైలాన్ దారం ఉండ కొన్నాం. తిరుగు బస్సులో ముగ్గురం కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాం.

బాపు దాన్ని మొదట చూడనట్టే చూశాడు. చిన్నాయన రీలును కర్రకు బిగించి, పిడిని కుడివైపుకు మార్చి, తిప్పి చూపించాడు. చిన్న తీగ కమ్మి ఒకటి గొట్టం చుట్టూ గిర్రున తిరిగింది, గొట్టం మెల్లగా పైకీ కిందికీ ఆడింది. బాపు ముందుకు వంగాడు. ఎన్నో రోజుల తరువాత ఆయన ముఖంలో పని చూసిన మనిషి ముఖం కనిపించింది. "ఇండ్ల కండె తిరుగుతలేదు. దారమే కండె సుట్టు తిరుగుతాంది" అన్నాడు. ఆ మాటకు అవ్వ రాట్నం ఆపి తల ఎత్తింది. కర్ర మొదలును తొడ కింద అదిమిపెట్టి, కుడి చేత్తో పిడి పట్టుకుని, బాపు అలవాటు కొద్దీ ఎడమ చేతిని తువ్వాల కింద నుంచి బయటికి తీశాడు. దారం పట్టుకోవడానికి. ఆ వేళ్లు దారం మీద పడ్డాయి గానీ పట్టలేదు. దారం ఇష్టం వచ్చినట్టు పోయి గొట్టం మీద వదులు వదులుగా పడింది. అంతా చుట్టాక బాపు బొటనవేలితో నొక్కి చూశాడు. "పేలాల మూట" అన్నాడు.

మరునాడు ఆయన దాన్నంతా విప్పాడు. విప్పడమంటే నేను దారం కొస పట్టుకుని వాకిలి దాటి, సందు దాటి, నీళ్ల ట్యాంకు దాకా పోయి నిలబడాలి. బాపు ఇంట్లో కూర్చుని మళ్లీ చుట్టేవాడు. నేను దారం వెంట అడుగులు వేసుకుంటూ ఇంటికి చేరేదాన్ని. వాడలో పిల్లలంతా నా వెనక వరసకట్టి నడిచేవారు. చుట్టడం అయ్యాక బాపు నొక్కి చూసేవాడు, పెదవి విరిచేవాడు, "మల్ల తియ్యి" అనేవాడు. చలికాలం పోయి ఎండలు వచ్చినా ఇదే పని. నేను కాలేజీకి పోతే కొస పట్టడానికి అమ్మను పంపేవాడు. "చేపలు పట్టమని తెస్తె ఇంట్ల కూసోని దారం సుట్టవట్టె మీ బాపు. చెరువు మల్ల ఎండిపోయేదాంక చూస్తడో ఏమో" అని ఆమె నాతో గొణిగేది. గొణుగుతూనే పోయి నిలబడేది. ఒక నేతగాడి కంటికి వదులుగా చుట్టిన దారం ఎంత అవమానమో చేపలు పట్టే వాళ్లకు అర్థం కాదు. నాలుగు చుట్లు అటూ ఇటూ ఉన్నా చేపకేమీ తేడా లేదు. బాపుకు మాత్రం అది సరిగా కుదిరేదాకా చెరువు గుర్తుకు రాలేదు.

ఒకరోజు పొద్దున చుట్టడం అయ్యాక ఆయన నొక్కి చూసి పెదవి విరవలేదు. రీలును అవ్వకు ఇచ్చాడు. ఆమె వేలితో తడిమి, "ఊఁ" అన్నది. మా అవ్వ నోట ఊఁ అనిపించుకోవడం చిన్న విషయం కాదు. రేపు చెరువుకు పోదామన్నాడు బాపు. మధ్యాహ్నం అందరం జొన్నరొట్టె, పచ్చిపులుసు ముందు పెట్టుకుని కూర్చున్నాం. గోడకు ఆనించిన కర్ర దగ్గర టప్పుమని చప్పుడైంది. పోయి చూస్తే రీలు గొట్టం నిలువునా పగిలింది. అంచు విరిగిపోయి దారం పక్కకు ఉబ్బి బయటికి వచ్చింది.

అది ఎందుకు పగిలిందో తరువాత దుకాణాయన చెబితే తెలిసింది. నూలు సాగదు, నైలాన్ సాగుతుంది. సాగదీసి బిగువుగా చుట్టిన నైలాన్ మళ్లీ ముడుచుకోవాలని చూస్తుంది, ఒక్కో చుట్టూ లోపలికి నొక్కుతుంది. అన్ని చుట్ల నొక్కుడుకు ప్లాస్టిక్ గొట్టం ఆగదు. చేపల వాళ్లెవరూ అంత బిగువుగా చుట్టరట. కండె చుట్టినట్టు చుట్టేది మా బాపులాంటి వాళ్లే. ఆ రోజు మాకు ఇవేవీ తెలియవు. బాపు రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేసి చేయి కడుక్కున్నాడు. "నా చెయ్యి తాకినయన్ని గింతే. ఇగ నాకేం తేకున్రి" అని, మళ్లీ మగ్గానికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఎడమ చెయ్యి తువ్వాల కిందికి పోయింది. చిన్నాయనకు ఫోన్ చేస్తే, "చీప్ మాల్ అన్నా అది, నీ తప్పేం లేదు" అని ఎంతో చెప్పాడు. బాపు వినలేదు. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నాకైతే అన్నీ అయిపోయాయనిపించింది.

అవ్వ మాత్రం పాకుతూ పోయి ఆ పగిలిన రీలును ఒళ్లో పెట్టుకుంది. కండె పరీక్ష చేసినట్టు వేళ్లతో చుట్టూ తడిమింది. ఒక పోగును గోటితో లేపబోయింది. లేవలేదు.

"గింత బిగువు ఎవలు సుట్టిండ్రు?" అన్నది.

"నేనేనే. నీకు సూపెట్టలేదా?" అన్నాడు బాపు, అటు తిరిగే.

"పిడి ఏ చేత్తోని తిప్పినవ్?"

"కుడి చేత్తోని."

"మరి దారం ఏ చేత్తోని వట్టినవ్ కొడుకా?"

అవ్వ అట్లాగే నేల మీద జరుగుతూ ఆయన పక్కకు చేరి, తువ్వాల తీసి అవతల పడేసి, ఆ ఎడమ చేతిలో తన రెండు వేళ్లు పెట్టింది. "దారం వట్టినట్టు వట్టు" అన్నది. బాపు పట్టాడు. ఆమె ముఖం చూస్తున్నాం మేము. కనుబొమలు ముడిపడ్డాయి, పళ్లు లేని నోరు తెరుచుకుంది. "అబ్బ! ఇడువురా, నొస్తాంది!" అని అరిచింది. బాపు వదల్లేదు. తన చేతి వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ తరువాత ఏడ్చాడు. జబ్బు చేసిన నాటి నుంచి ఆయన ఏడవడం అదే మొదటిసారి. అవ్వ వేళ్లు విడిపించుకుని ఊదుకుంటూ, "పలిగింది మంచిగనే పలిగింది" అన్నది. అమ్మ, నేను ఏడుపూ నవ్వూ కలిపేసి వంతులు వేసుకుని పోయి బాపు చేతిలో వేళ్లు పెట్టి నొప్పి పెట్టించుకున్నాం. ఆ నొప్పంత తియ్యటిది నాకు మళ్లీ దొరకలేదు.

అంతా మునుపటిలా అయిందని రాస్తే అబద్ధమవుతుంది. బాపు మళ్లీ చీర నేయలేదు. రోజంతా మగ్గం ఆడించే బలం ఆ చేతికి రాలేదు. కొన్నాళ్లకు మగ్గం విప్పేశాం, గుంట పూడ్చేశాం. ఇప్పుడా జాగాలో మంచం ఉంది. అవ్వ పోయింది. ఇంటికి నల్లా నీళ్లు వచ్చాయి. బిందెలకు ఇప్పుడు తెల్ల పొక్కులు కట్టవు, నా తరువాత పుట్టిన ఊరి పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. దానికి నేను ఎవరికి దండం పెట్టమన్నా పెడతాను. కానీ బస్సు దిగి సందు మలుపు తిరిగితే ఏ వాసనా ఎదురు రాదు. రంగురంగుల మిషను చీరలు కట్టుకుని ఆఫీసుకు పోతాను, వాటి మీద అచ్చులు చూసినప్పుడల్లా అమ్మ భుజం నొప్పి గుర్తుకొస్తుంది. ఆ కాలం మళ్లీ రావాలని కోరుకోను. ఆ కాలం మనుషులు నాకు దొరికినందుకు మాత్రం రోజూ సంతోషపడతాను. బాపు తన చొక్కా గుండీలు తానే పెట్టుకుంటాడు. పొద్దున చెరువు కాడికి పోతాడు. పగలు అవ్వ రాట్నం ముందు కూర్చుని, ఇంకా మగ్గాలున్న ఇళ్లకు కండెలు చుట్టి ఇస్తాడు. ఇవన్నీ ఆ పగిలిన ప్లాస్టిక్ ముక్క ఇచ్చినవే.

రెండో రీలు కొన్న రోజు గురించి కూడా చెప్పాలి. అవ్వ అరిచిన ఆ వారంలోనే బాపు స్నానం చేసి, ఉతికిన అంగీ వేసుకుని, "నడువు బిడ్డా, నల్లగొండ పోదాం" అన్నాడు. జబ్బు చేశాక దవాఖానకు తప్ప ఊరు దాటింది లేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ప్రతి చెరువునూ మెడ తిప్పి చూశాడు. దుకాణంలో బల్ల ముందు నిలబడి, అమ్మ తూచి పక్కన పెట్టిన ఆ సముద్రపు రీలునే చూపించమన్నాడు. దుకాణాయన నన్ను గుర్తుపట్టాడు, ఎప్పటిలాగే నిజాయితీగా వద్దన్నాడు. "కాకా, గిది సముద్రానికి. మన చెరువుల చేప ఎంతుంటది? గింత బలం ఎందుకు చేపకు?"

బాపు రీలును కుడి చేత్తో పట్టుకుని, లోహపు గొట్టాన్ని ఎడమ బొటనవేలితో గట్టిగా నొక్కి చూశాడు. నొక్కుతుంటే గోరు తెల్లబడింది.

"చేపకు గాదు తమ్మీ, నా చేతికి. నా పట్టుకు ఆగేది గావాలె" అన్నాడు.

దుకాణాయనకు ఏమి అర్థమైందో గానీ రీలును సంచిలో పెట్టి ఇచ్చాడు. నేను అందుకోబోయాను. బాపు నా చెయ్యి పక్కకు జరిపి, సంచిని ఎడమ చేత్తో అందుకున్నాడు. ఎండలో బస్టాండు దాకా ఆ బరువు మోసుకుంటూ నడిచాడు. దారిలో ఒకచోట ఆగి సంచి కింద పెట్టి, వేళ్లు చాపి ముడిచి, మళ్లీ ఆ చేత్తోనే ఎత్తుకున్నాడు. నేను ఇంకోసారి చెయ్యి చాపలేదు. రెండు చేతులూ ఊపుకుంటూ మా బాపు పక్కన నడిచాను.